ఊరంతా ఆగినా... కరెంటు ఆగకూడదు!

2020 మార్చి 22, ఆదివారం. జనతా కర్ఫ్యూ రోజు. సాయంత్రం అయిదింటికి జనమంతా వాకిళ్ళలోకి వచ్చి చప్పట్లు కొడుతున్న వేళ, దేవరకొండ దగ్గర ఓ పల్లెలో మా మేనత్త సంచి సర్దుకుంటోంది. రెండు చీరలు, ఆరోగ్యశ్రీ కాగితాలున్న ప్లాస్టిక్ కవరు, మాకోసం ఓ సీసాడు మామిడికాయ తొక్కు. తెల్లవారుజామున మొదటి బస్సెక్కితే పదింటికల్లా హైదరాబాదులో ఆసుపత్రి దగ్గర దిగొచ్చు. పదకొండింటికి ఆమెకు పదమూడో ‘కరెంటు’.

ఆ బస్సు రాలేదు. మర్నాడూ రాలేదు. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి టీవీలో ప్రధాని మాట్లాడాక, ఇక మూడు వారాలపాటు రాదని తెలిసిపోయింది. బుధవారం ఉగాది. అత్త ఫోన్ చేసి, “ఉన్నకాడికి సాలు బిడ్డా. పన్నెండు పెట్టిచ్చుకున్న గద. రక్తం పోవుడు కూడ ఆగింది. లోకమే ఆగిపాయె, నా కరెంటు ఆగితే ఏమాయె?” అంది.

ఆమె గొంతులో బాధకంటే నిశ్చింతే ఎక్కువ వినిపించింది నాకు. రానూపోనూ ఛార్జీలు, కొడుకు కూలి పోగొట్టుకోవడం, మా ఇంట్లో ‘బరువుగా’ ఉండటం... అన్నీ ఒక్కసారిగా తప్పాయన్న నిశ్చింత. మన ఇళ్ళలో ఆడవాళ్ళ వైద్యం ఎప్పుడూ ఇంతే కదా! ఏదో ఒక అడ్డం వస్తే, హమ్మయ్య అనుకుని ముందు మానేసేది అదే.

మరి పన్నెండు కరెంట్లు పెట్టించుకుని మిగతా పదమూడు మానేస్తే ఏమవుతుంది? ఆ ప్రశ్న పట్టుకుని ఆ వారమంతా నేను డాక్టర్లను వేధించాను. అప్పుడు తెలిసిందంతా ఇప్పుడు రాస్తున్నాను.

తుంగ పీకినట్టు...

రేడియేషన్‌ని మనవాళ్ళు ‘కరెంటు పెట్టడం’ అంటారు. ఇది ఒంట్లోకి విద్యుత్తు పంపడం కాదు. ఎక్స్‌రేల్లాంటివే, వాటికంటే ఎన్నోరెట్లు శక్తి ఉన్న కిరణాలను గడ్డ ఉన్నచోటికి గురిచూసి పంపిస్తారు. కాలదు, నొప్పెట్టదు. మనిషి బల్లమీద కదలకుండా పడుకోవాలి. పది నిమిషాల పని.

గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ మన దేశంలో ఎంత ఎక్కువో చాలామందికి తెలియదు. 2020 ఒక్క ఏడాదిలోనే దాదాపు లక్షా 24 వేలమందికి కొత్తగా వచ్చిందనీ, 77 వేలమంది దీనితో చనిపోయారనీ అంతర్జాతీయ అంచనాలు. మొదటి దశలో తెలిస్తే ఆపరేషన్‌తో సరిపోతుంది. మా అత్తలా ముట్లుడిగిన ఎనిమిదేళ్ళకు మళ్ళీ ఎర్రబట్ట కనిపిస్తే ‘వేడి చేసిందేమో’ అనుకుని అయిదు నెలలు మజ్జిగతో, ఊరి ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లతో గడిపినవాళ్ళకు గడ్డ పక్కకు పాకి ఉంటుంది. డాక్టర్లు దాన్ని 2బి దశ అన్నారు. ఆ దశ దాటాక కత్తికి పెద్దగా పని లేదు. కరెంటే ఆపరేషన్.

దానికో పద్ధతుంది. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదు వారాలు, మొత్తం 25 విడతలు బయటినుంచి కరెంటు. వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే మందు సెలైన్‌తో ఎక్కిస్తారు. ఆ మందు కలిపితే రోగులు ఎక్కువకాలం బతుకుతున్నారని 1999లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ప్రత్యేకంగా ప్రకటన చేసినప్పటినుంచీ ప్రపంచమంతా ఇదే దారి. ఆ తర్వాత ‘లోపలి కరెంటు’, బ్రాకీథెరపీ. మొదలుపెట్టిన రోజునుంచి ఇదంతా ఎనిమిది వారాల్లోపు, అంటే 56 రోజుల్లో పూర్తి కావాలి.

ఎందుకా గడువు? మాగాణిలో తుంగ పీకిన వాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. ఒక్క వరసలో పని ముగించాలి. సగం పీకి, పదిరోజులు ఊరెళ్ళి వస్తే, మిగిలిన గడ్డలు మునుపటికంటే జోరుగా లేస్తాయి. క్యాన్సర్ కణాలూ అంతే! కరెంటు మొదలైన మూడు నాలుగు వారాలకు చావగా మిగిలిన కణాలు ఇంకా వేగంగా పెరగడం మొదలెడతాయి. గడువు దాటిన ప్రతి ఒక్క రోజుకీ గడ్డ మళ్ళీ తలెత్తకుండా అదుపులో ఉండే అవకాశం అరశాతం నుంచి ఒక శాతం వరకూ తగ్గుతూ పోతుందని ఎన్నో అధ్యయనాలు లెక్కగట్టాయి. ముఖద్వార క్యాన్సర్ కరెంటు అనుకున్న తేదీకంటే రెండు రోజులకు మించి జరగకూడదని ఇంగ్లండులోని రేడియాలజిస్టుల రాయల్ కాలేజీ నియమం. రెండు రోజులు! మనకేమో మూడు వారాల లాక్‌డౌన్ వచ్చిపడింది.

రక్తం ఆగింది కదా అని మా అత్త అనుకున్నది కూడా చాలామంది చేసే పొరపాటే. పది పన్నెండు విడతలకు రక్తం ఆగుతుంది, వాసన తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. జబ్బు తగ్గిపోయినట్టే ఉంటుంది. లాక్‌డౌన్ లేని రోజుల్లోనూ ఎందరో సరిగ్గా ఇక్కడే ఇంటిదారి పడతారు.

బత్తాయిల బండిలో...

శుక్రవారం ఆసుపత్రినుంచే ఊరికి ఫోన్ వెళ్ళింది. రేడియేషన్ విభాగంలోని సిస్టరు రిజిస్టరు ముందేసుకుని, రాని ప్రతివాళ్ళకూ వరసగా ఫోన్లు చేస్తోందట. చికిత్స మధ్యలో ఉన్నారని రాసిన కాగితం వాట్సాప్‌లో పంపింది. అది చూపిస్తే పోలీసులు పాసు ఇచ్చారు. పాసుంది సరే, బండేదీ? మా నల్గొండ వైపు బత్తాయి తోటలెక్కువ. పండ్ల బండ్లకు అడ్డు లేదు. పండ్ల మార్కెట్‌కు బత్తాయిలు తెచ్చే ఓ డీసీఎంలో డ్రైవరు పక్కన అత్త, వెనక బస్తాలమీద ఆమె కొడుకు... అలా మార్చి 31 తెల్లారేసరికి మా ఇంటికి చేరారు. ఆ డ్రైవరు కిరాయి తీసుకోలేదు. పైగా ఓ సంచెడు బత్తాయిలిచ్చాడు.

అప్పటికి ఆరు రోజుల కరెంటు పోయింది. అందులో ఉగాది సెలవు తీసేస్తే అయిదు. పోయిన రోజుల్ని పూడ్చడానికి డాక్టర్లకు దారులున్నాయి. శనివారాలు కూడా పెట్టడం ఒకటి. ఆరు గంటలు తక్కువ కాకుండా ఎడం ఇచ్చి ఒకే రోజు రెండుసార్లు పెట్టడం ఇంకొకటి. ఆ ఎడమెందుకంటే, పక్కనున్న మంచి కణాలు తమ గాయం మాన్పుకోవడానికి. మా అత్తకు శనివారాలు కలిపారు. శ్రీరామనవమి, గుడ్‌ఫ్రైడే, అంబేద్కర్ జయంతి అనలేదు. అన్ని రోజులూ మిషను నడిచింది. ఏప్రిల్ 14న, లాక్‌డౌన్‌ను మే 3 దాకా పొడిగించారని వార్తలొచ్చిన రోజునే, ఆమె 25వ కరెంటు పూర్తయింది.

ఆ రెండు వారాలు రాసినంత తేలిగ్గా గడవలేదు. పొత్తికడుపు కరెంటుకు ముందు నీళ్ళు తాగి, మూత్రం ఆపుకుని పడుకోవాలి. సంచి నిండుగా ఉంటే పేగులు పైకి జరిగి కిరణాలనుంచి తప్పుకుంటాయి. మామూలు రోజుల్లో వరండాలో కూర్చుని తాగుతూ, పిలుపు రాగానే లేచేవాళ్ళు. ఇప్పుడేమో నీళ్ళ కూలరు తీసేశారు, కుర్చీలు ఒకటి విడిచి ఒకటి గుర్తులు పెట్టారు, సగంమంది బయట చెట్టుకింద. ఒక్కొక్కరి తర్వాతా బల్ల తుడిచి మందుకొట్టి మరీ రెండోవాళ్ళను పిలుస్తున్నారు. ఓ పేషెంటు ఆలస్యమైతే వెనకున్న పదిమంది ఆడవాళ్ళు ఉగ్గబట్టుకుని నిలబడాలి. ఆ అవస్థ గురించి ఏ పుస్తకంలోనూ రాయరనుకుంటాను. సిబ్బంది కూడా రెండు జట్లుగా విడిపోయి వంతులవారీగా వచ్చేవాళ్ళు. ఒక జట్టుకు కరోనా సోకినా రెండో జట్టు మిషను నడపాలి కదా!

రక్తానికి మరో తిప్పలు. రక్తం తక్కువగా ఉంటే గడ్డకు ప్రాణవాయువు అందదు. ప్రాణవాయువు లేనిచోట కిరణాల దెబ్బ గట్టిగా పడదు. అత్తకు రక్తం తగ్గింది, ఎక్కించాలన్నారు. కాలేజీలు మూత, రక్తదాన శిబిరాలు లేవు. మా తమ్ముడు, వాడి స్నేహితుడు పాసులతో వెళ్ళి ఇచ్చొచ్చారు. వారం వారం ఎక్కించే మందు అయిదుసార్లు అనుకున్నది నాలుగుసార్లే అయింది. ఒకటి లాక్‌డౌన్ మింగేసింది. తెల్లకణాలు తగ్గించే మందును ఈ కరోనా రోజుల్లో ఇవ్వొచ్చా అని నాకు భయం. జాగ్రత్తగా రక్తపరీక్షలు చూసుకుంటూ ఇస్తామేగాని మానం అన్నారు. దాని మేలు దానిదే.

ఇక మా అపార్ట్‌మెంటు సంగతి. ‘రోజూ ఆసుపత్రికి వెళ్ళొచ్చే మనిషి’ లిఫ్టు వాడొద్దని పెద్దమనుషులు తీర్మానించారు. మాది మూడో అంతస్తు. కరెంటు ముదిరేకొద్దీ విరేచనాలు, నీరసం. రెండో అంతస్తు మెట్లమీద కూర్చుని ఊపిరి తీసుకుని మళ్ళీ ఎక్కేది. ఆ మెట్టు ఎదురింటావిడ మాత్రం రోజూ ఓ గ్లాసు పల్చటి మజ్జిగ గుమ్మం బయట స్టూలుమీద పెట్టేది. తలుపు తీసేది కాదు. పెట్టడం మానేదీ కాదు.

ఎవరు ఆగొచ్చు, ఎవరు ఆగకూడదు?

అదే వేసవిలో ప్రపంచమంతటా రేడియేషన్ డాక్టర్లదీ ఒకే తలనొప్పి. రోగిని రోజూ ఆసుపత్రికి రప్పిస్తే కరోనా భయం, రప్పించకపోతే క్యాన్సర్ భయం. వివిధ దేశాల నిపుణులు కలిసి స్త్రీల క్యాన్సర్లకు ఏ జబ్బులో కరెంటు ఎంతవరకు వాయిదా వేయొచ్చో, ఎక్కడ తగ్గించొచ్చో సూచనలు తయారుచేసి, 2020లోనే ‘గైనకలాజిక్ ఆంకాలజీ’ అనే వైద్యపత్రికలో ప్రచురించారు. సారాంశం మన భాషలో చెప్పాలంటే, ఆగగలిగినవాళ్ళు ఆగండి, తగ్గించగలిగింది తగ్గించండి, ముఖద్వార క్యాన్సర్‌ను మాత్రం ఆపకండి.

ఆగగలిగేవాళ్ళు ఎవరు? గర్భసంచి లోపలి పొరకు వచ్చే క్యాన్సర్‌లో చాలామందికి ముందు ఆపరేషన్ అవుతుంది. మళ్ళీ రాకుండా తర్వాత కరెంటు ఇస్తారు. తీవ్రత బాగా తక్కువున్నవాళ్ళకు అసలు కరెంటే అక్కర్లేదు. కొంచెం ఎక్కువున్నవాళ్ళకు ఆపరేషనయ్యాక కొన్ని వారాలు ఆగి ఇచ్చినా ముంచుకొచ్చే ప్రమాదం లేదు. అదీ పొత్తికడుపంతా కాకుండా, యోని పైభాగంలో మాత్రం రెండు మూడు విడతలు ఇస్తే సరిపోయేవాళ్ళే ఎక్కువ. ఇలా చిన్నచోట ఇవ్వడం పెద్ద కరెంటుకు తీసిపోదని నెదర్లాండ్స్‌లో జరిగిన పరిశోధన 2010లోనే తేల్చింది. మూడూ నాలుగూ కాదు, పెద్ద డోసుతో రెండే విడతలు చాలా అన్న ప్రశ్నమీద అమెరికాలో జరిగిన పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. రెండు విడతలవాళ్ళ ఆరోగ్యం, రోజువారీ జీవితం మిగతావాళ్ళకంటే ఏమీ చెడలేదు. ఊరినుంచి వచ్చే మనిషికి ఒక్క ప్రయాణం తగ్గినా తగ్గినట్టే.

మరి జబ్బు బాగా ముదిరి, నయమయ్యే దశ దాటి, రక్తం ధారగా పోతున్నవాళ్ళో? వాళ్ళను వారాల తరబడి తిప్పడం అన్యాయం. ఒకేసారి 8 గ్రేల డోసు (గ్రే అంటే కరెంటు కొలత, పాలకు లీటరులాగా) ఇచ్చి రక్తం ఆపి ఇంటికి పంపొచ్చు. లేదంటే అయిదు రోజుల్లో ముగించొచ్చు. ఇదేమీ కరోనాకోసం కనిపెట్టింది కాదు, ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. కరోనా వచ్చాక గానీ కొందరికి గుర్తు రాలేదు.

సూచనలు సరే, మన దేశంలో ఏం జరిగింది? జాతీయ క్యాన్సర్ గ్రిడ్‌లోని 41 ఆసుపత్రుల లెక్కల్ని 2021లో ‘లాన్సెట్ ఆంకాలజీ’ ప్రచురించింది. 2020 మార్చి నుంచి మే వరకూ, అంతకుముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే, కొత్తగా వచ్చిన క్యాన్సర్ రోగులు 54 శాతం తగ్గిపోయారు. పెద్ద ఆపరేషన్లు 49 శాతం తగ్గాయి. రేడియేషన్‌కు వచ్చినవాళ్ళు తగ్గింది 23 శాతమే. మిషన్ల దగ్గర వాళ్ళు అంత గట్టిగా పట్టుకున్నారన్నమాట! కానీ ఆ మొదటి అంకె చూస్తే గుండె ఝల్లుమంటుంది. సగంమంది కొత్త రోగులు ఎక్కడికి పోయారు? జబ్బు రాక ఆగిపోలేదు కదా. ఇళ్ళలోనే ఉన్నారు, మజ్జిగ తాగుతూ. ముందుగా కనిపెట్టే పరీక్షలు చాలాచోట్ల మూతబడ్డాయి.

లోపలి కరెంటు

మా అత్తను ఎక్కువ భయపెట్టింది ఇదే. బయటి కరెంటు ఎంత పెట్టినా ముఖద్వారం మధ్యలో ఉన్న గడ్డ మొండిది. ఇంకా పెంచుదామంటే ముందు మూత్రసంచి, వెనక పెద్దపేగు. అందుకని లోపలికే వెళ్ళి పెట్టాలి. గర్భసంచిలోకి ఓ సన్నని గొట్టం, ముఖద్వారానికి అటూఇటూ రెండు చిన్న గొట్టాలు అమర్చి, కదలకుండా గాజుగుడ్డ కుదించి, స్కానింగు తీసి లెక్క వేస్తారు. తర్వాత ఆ గొట్టాల్ని మిషనుకు తగిలిస్తే, తీగ చివరన బియ్యపు గింజంత ఇరిడియం ముక్క లోపలికి వెళ్ళి, చెప్పినచోట చెప్పినన్ని క్షణాలు నిలబడి వెనక్కి వచ్చేస్తుంది. దగ్గర ఉన్నది మాడుతుంది, దూరం రెట్టింపయితే దెబ్బ నాలుగోవంతే. ఇది లేకుండా ముఖద్వార క్యాన్సర్ చికిత్స పూర్తయినట్టు కాదు. దీని బదులు బయటినుంచే ఇంకో నాలుగు పెట్టేస్తే పోదా అంటే, పోదు.

కరోనా రోజుల్లో దీనికి రెండు చిక్కులు. మొదటిది మత్తు. గొంతులో గొట్టం వేసి ఇచ్చే మత్తయితే రోగి ఊపిరి తుంపరలు గదంతా లేస్తాయి. అందుకే వీలైనంతవరకు నడుముకు ఇచ్చే సూదితోనే కానివ్వమన్నారు. మన ప్రభుత్వాసుపత్రుల్లో చాలాచోట్ల ఎప్పుడూ జరిగేది అదే గనక ఇక్కడ మనకు కొత్త నేర్చుకోవాల్సిన పని పడలేదు!

రెండోది ఆ ఇరిడియం ముక్కే. ప్రతి 74 రోజులకూ దాని శక్తి సగమైపోతుంది. మూడు నాలుగు నెలలకోసారి కొత్తది పెట్టుకోవాలి. విదేశాలనుంచి తెప్పించుకునేవాళ్ళకు విమానాలు ఆగిపోతే ఏం గతి? పాత ముక్కతోనే చేయొచ్చు. పది నిమిషాలు నిలబడాల్సింది ఇరవై నిమిషాలు నిలబడుతుంది, అంతే. డోసు మారదు, రోగి బల్లమీద ఉండే సమయం పెరుగుతుంది, రోజుకు చేయగలిగే రోగుల సంఖ్య తగ్గుతుంది. అదే కోబాల్టు ముక్క వాడే మిషన్లున్నచోట ఈ బెంగ తక్కువ. కోబాల్టు సగమవడానికి అయిదేళ్ళకు పైగా పడుతుంది.

అత్తకు మామూలుగా అయితే వారానికొకటి చొప్పున నాలుగుసార్లు, ఒక్కోసారి 7 గ్రేలు. ఏప్రిల్ 17న మొదలెడితే మే 8కి పూర్తవుతుంది. అంటే 66వ రోజు. గడువు దాటి పదిరోజులు. నాలుగుసార్లు నడుముకు సూది, నాలుగుసార్లు ఆపరేషన్ గది. డాక్టర్లు లెక్క మార్చారు. రెండేసార్లు అమర్చి, అమర్చిన ప్రతిసారీ ఆరు గంటల ఎడంతో రెండు డోసులు ఇస్తామన్నారు. డోసు తగ్గదు, రాకపోకలు సగమవుతాయి. ఛండీగఢ్‌లోని పీజీఐ డాక్టర్లు ఇంకో దారిలో, 9 గ్రేల చొప్పున రెండే విడతలతో చేసిన చికిత్స ఫలితాల్ని 2005లోనే ప్రచురించారు. ఆ పద్ధతిని ఎంచుకున్న ఆసుపత్రులూ ఉన్నాయి. గడ్డ పెద్దదిగా మిగిలినవాళ్ళకు మొత్తం డోసు చాలకపోవచ్చని మా డాక్టరు దాని జోలికి పోలేదు. ఎవరికేది అన్నది స్కానింగు చూసి డాక్టరు చెప్పాల్సిందే. ‘ఫలానా ఆవిడకు రెండే పెట్టారు, మాకు నాలుగెందుకు’ అని పోట్లాడకండి.

మొదటిది ఏప్రిల్ 17న బాగానే జరిగింది. బాగానే అంటే... పొద్దున అమర్చింది సాయంత్రం తీసేదాకా కాలు ముడవకుండా వెల్లకిలా పడుకోవాలి. ఆ రోజుల్లో తోడు ఎవర్నీ రానివ్వలేదు. పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకునే మనిషి లేక తొమ్మిది గంటలు. సాయంత్రం బయటికొచ్చాక అత్త ఏమీ చెప్పలేదు. “అయిపాయె పా” అంది.

రెండోదానికి రెండురోజుల ముందు, 22న, గేటు దగ్గర నుదుటికి పెట్టే మిషను కీచుమంది. జ్వరం! అక్కడికక్కడే పక్కకు నిలబెట్టి ముక్కులోంచి శాంపిల్ తీశారు. కరోనా అని తేలితే, కనీసం పదిరోజులనుంచి రెండు వారాలు ఆగాలి. జ్వరం పెద్దగా లేనివాళ్ళకైతే అందరూ వెళ్ళిపోయాక చివరి పేషెంటుగా, ప్లాస్టిక్ దుస్తులు వేసుకుని చికిత్స ఇచ్చిన చోట్లూ ఉన్నాయి. కానీ నడుముకు సూది, ఆపరేషన్ గది అంటే అంత తేలిక కాదు. మేము ఆ రెండు రాత్రులూ క్యాలెండరు ముందే కూర్చున్నాం. 23 రాత్రి తొమ్మిదింటికి ఫోనొచ్చింది. కరోనా కాదు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్. అది కరెంటులో మామూలే. 24న రెండోది అయిపోయింది. 52వ రోజు.

ఫోన్‌లో చెప్పలేని మాటలు

లాక్‌డౌన్ మొదలైన ఆ ఉగాది రోజునే ఫోనుద్వారా వైద్య సలహాలిచ్చే పద్ధతికి ప్రభుత్వం నియమాలు విడుదల చేసింది. మంచిదే. నెలనెలా నూరు కిలోమీటర్లు ప్రయాణం తప్పింది. కానీ మా అత్త విషయంలో ఏం జరిగిందో చెబుతాను. జూన్‌లో డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఫోను కొడుకుది. స్పీకరు పెట్టాడు. పక్కన కోడలు, మంచంమీద మామయ్య. “ఎలా ఉందమ్మా?” అంటే “అంత మంచిగనే ఉంది” అంది. అయిదు నిమిషాల్లో అయిపోయింది.

అంతా మంచిగా లేదు. పొత్తికడుపు కరెంటు తర్వాత యోని గోడలు గట్టిపడి, లోపల అతుక్కుపోయి, దారి సన్నబడుతుంది. అలా కాకుండా డాక్టరిచ్చిన నున్నటి సాధనంతో, మందు రాసుకుని, వారంలో కొన్నిసార్లు ఆ దారి తెరిచి ఉంచుకోవాలి. భర్తతో కాపురంకోసమే అనుకోకండి. దారి మూసుకుపోతే జబ్బు మళ్ళీ వచ్చిందా లేదా అని డాక్టరు చూడటం కూడా కష్టమవుతుంది. సాధనం ఇచ్చారు, ఎలా వాడాలో చెప్పారు. అత్త దాన్ని ఇనప్పెట్టెలో చీరల కింద దాచేసింది. మంటగా ఉంటోందనీ, మూత్రంలో అప్పుడప్పుడు ఎర్రగా కనిపిస్తోందనీ కొడుకు ముందు ఎలా చెబుతుంది? ఆగస్టులో ఆమె ఆసుపత్రికి వచ్చి, పరదా వెనక బల్లమీద పడుకున్నప్పుడు గానీ బయటపడలేదు.

వయసులో ఉన్న అమ్మాయిలకయితే కరెంటుతో అండాశయాలు పనిచేయడం ఆగిపోయి, ముట్లు ముందే ఉడుగుతాయి. ఒళ్ళంతా ఆవిర్లు, చిరాకు. అదీ ఫోనులో చెప్పరు. స్త్రీల క్యాన్సర్లలో ఫోను సలహా పెట్టదలచుకుంటే, ముందుగా ఆమె ఒంటరిగా ఉందో లేదో అడగాలి. ఆమె చేతికే ఫోనివ్వమని కొడుక్కి చెప్పాలి. ఆసుపత్రులు దయచేసి ఇది రాసిపెట్టుకోండి.

2021 వేసవిలో రెండో ఉధృతి వచ్చినప్పటికి కొన్ని సంగతులు మారాయి. ఆ మార్చి 1నుంచి క్యాన్సర్ చికిత్సలో ఉన్న 45 ఏళ్ళు దాటినవాళ్ళకు కరోనా టీకా ముందుగా ఇచ్చారు. ఆక్సిజన్ సిలిండర్లకోసం జనం పరుగులు తీస్తున్న ఆ రోజుల్లో కూడా కరెంటు ఎలా నడపాలో సిబ్బందికి తెలుసు. అంతకుముందు ఏడాది నేర్చుకున్న శనివారపు కరెంట్లు, ఒకేసారి రెండు డోసులు, రానివాళ్ళకు ఫోన్లు కొన్నిచోట్ల తర్వాత కూడా మిగిలాయి. అన్నిచోట్లా కాదు.

ఇంకో విచిత్రం. ఆసుపత్రులన్నీ కరోనాతో కిటకిటలాడుతున్న 2020 నవంబరు 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ముఖద్వార క్యాన్సర్‌ను భూమ్మీద లేకుండా చేద్దామని పథకం ప్రకటించింది. 2030కల్లా 90 శాతం ఆడపిల్లలకు 15 ఏళ్ళలోపు టీకా, 70 శాతం స్త్రీలకు 35 ఏళ్ళప్పుడూ 45 ఏళ్ళప్పుడూ పరీక్ష, జబ్బు తేలినవాళ్ళలో 90 శాతానికి చికిత్స. మన దేశంలో తయారైన టీకా 2023లో మార్కెట్లోకి వచ్చింది. పరీక్ష గురించి భయపడేవాళ్ళకు ఒక మాట. వెనిగర్‌లో ఉండే ఆమ్లాన్నే పలచగా ముఖద్వారానికి పూసి, తెల్లమచ్చలు తేలతాయేమో చూసే చిన్న పరీక్ష కూడా ఉంది. కోత లేదు, మత్తు లేదు. శిక్షణ పొందిన నర్సమ్మే చేస్తుంది.

ముట్లుడిగాక ఎర్రగా కనిపించినా, కాపురం చేసిన తర్వాత రక్తం కనిపించినా, తెల్లబట్ట వాసనేసినా, నీచునీళ్ళలా పోతున్నా ఊళ్ళో ఇంజెక్షన్లతో రోజులు గడపకండి. కరెంటు మధ్యలో పెళ్ళి వచ్చినా, వరదొచ్చినా, బంద్ వచ్చినా ముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఎన్ని విడతలయ్యాయో, ఏ తేదీన మొదలైందో రాసిన కాగితం సంచిలోనే ఉంచుకోండి. ఆసుపత్రి మారాల్సి వచ్చినా ఆ కాగితం ఉంటేనే అక్కడివాళ్ళు లెక్క అందుకోగలరు. ఒంటిమీద వేసిన గీతలు చెరపొద్దు.

మా అత్తకు 2025 ఏప్రిల్‌కి అయిదేళ్ళు నిండాయి. మొదటి రెండేళ్ళు మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి వచ్చేది. ఇక ఏడాదికోసారి వస్తే చాలన్నారు. లాక్‌డౌన్ నాటి పోలీసు పాసు, చిరుగుపట్టినా, ఆరోగ్యశ్రీ కాగితాల కవరులోనే ఉంది. కిందటిసారి వచ్చినప్పుడు ఒక్కతే రాలేదు. వాళ్ళ వాడకట్టునుంచి ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చింది. ఒకామెకు ఏమీ లేదన్నారు. ఇంకొకామెకు ముక్క పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఆమెను ఊరికి పోనివ్వలేదు అత్త. ముగ్గురూ మా ఇంట్లోనే ఉన్నారు నాలుగు రోజులు. లిఫ్టులోనే వచ్చారు.